ఓజల పైసలు ఎప్పుడు రావాలె?

నేను కరీంనగర్‌ల ఒక ఇంటీరియర్ డిజైనర్ దగ్గర లెక్కలు చూస్త. డిజైన్ సార్‌ది, కొటేషన్, బిల్లు, 18 శాతం జీఎస్టీ నా పని. ప్లైవుడ్ దుకాణమాయన పైసలు పడితేనే సరుకు పంపుతడు. హాల్ల పెట్టే డోక్రా బొమ్మలకు మాత్రం "ఇల్లు అప్పజెప్పినంక ఇద్దాం" అంటరు. జైనూర్ మండలం ఉషేగావ్‌ల మన ఓజలు మైనం, ఇత్తడి ముందే కొనుక్కోవాలె కదా! ఇంటాయన ఆఖరి బిల్లు ఆపితే వాళ్ల కూలి గూడ ఆగుతది. 2018ల జీఐ గుర్తింపొచ్చింది, పేరు పెరిగింది, గీ పద్ధతి మారలే.

మా ఆఫీసుల కొట్లాడి బొమ్మలను కొటేషన్‌ల వేరే లైన్ రాయించిన: సగం ఆర్డర్ రోజే, మిగిలింది సరుకు అందిన రోజు. సార్ మొదట్ల గునిసిండు. ఇప్పుడు ఇంటాయన ఇచ్చే మొదటి అడ్వాన్స్‌లనే అది కలిపి అడుగుతున్నం. కామర్స్ చదివేటోళ్లు సెలవులకు ఊరికి పోతే ఓజ పెద్దమనుషులకు ఆర్డర్ కాగితం రాసియ్యుండ్రి. నమూనా కావాలంటే మెసేజ్ పెట్టుండ్రి, పంపుత.