వానల ఊరిలో నా చదువు

మాది నల్లమాడ. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను, మా పెద్దలకది నేటికిని అనంతపురపు కఱవుసీమయే. విద్యార్థుల మార్పిడి పద్ధతిని నేనొక చదువు వత్సరము నార్వే దేశమందలి బెర్గెను నగరమున గడపితిని. మా సీమలో ఏడాదికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. అచ్చట 2,000 దాటును!

నాతో వంటగది పంచుకొనిన సహాధ్యాయిని కుళాయి విప్పి విడిచి పాత్రలు తోముచుండ, నా ప్రాణము గిలగిల కొట్టుకొనెడిది. ఒకనాడు ఊరకుండలేక కట్టివేసితిని. ఆమె కోపగింపక కారణమడిగెను. వేరుసెనగ పైరు ఎండిన యేటి సంగతి, అమ్మ బిందెతో నిలిచిన వరుస సంగతి, అంతవఱకు సిగ్గుచే దాచినవన్నియు చెప్పితిని.

అచ్చట ఉపాధ్యాయుని పేరుపెట్టి పిలుతురు. అది నా నోట రాలేదు; రాకున్నను నష్టము లేదని నా తలంపు. తెలియనిది తెలియదని చెప్పి ప్రశ్నించుట మాత్రము నేర్చుకొంటిని.

పిదప ఆ సహాధ్యాయిని తన యింటికి పిలిచెను. తండ్రి వండెను, తల్లి అందఱితో పాటు కూర్చుండి భుజించెను. మా యింట అమ్మ యెప్పుడు తినునో నేనెఱుగనని అప్పుడు తోచి, ముద్ద దిగలేదు.

తిరిగి వచ్చిన రాత్రి, "నువ్వూ కూర్చో అమ్మా" అంటిని.

"ముందు మీ నాయనను తిననీ" అనెను.

నేను సంగటిముద్ద ముట్టలేదు. నాయన చాలసేపు మా యిద్దఱి వంక చూచి, తానే లేచి ఇంకొక పళ్లెము తెచ్చెను.