డెత్ వ్యాలీలో స్టెప్నీ లేని కారు

అమ్మాయి కాన్పుకి సాయంగా ఉందామని 2019 మార్చిలో మా ఆవిడా నేనూ లాస్‌వేగస్ వెళ్లాం. నెల తిరిగేసరికి నాకు ఏమీ తోచకుండా పోయింది. విజయవాడ ఆర్టీసీ గ్యారేజీలో ముప్ఫైరెండేళ్లు స్పానర్ పట్టుకున్నవాణ్ని. అక్కడ గిన్నెలు మిషన్లో సర్దడం తప్ప నా చేతులకి పనిలేదు. అది కనిపెట్టిన అమ్మాయి ‘‘నాన్నా, మీరిద్దరూ ఒకరోజు డెత్ వ్యాలీ చూసి రండి’’ అంది. ఇద్దరూ అంటే నేనూ, అల్లుడూ.

పెళ్లయి నాలుగేళ్లయినా మా మధ్య నడిచిన మాటలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ‘‘భోంచేశారా మావయ్యగారూ’’ అని అతనూ, ‘‘ఆఫీసు ఎలా ఉంది బాబూ’’ అని నేనూ. అంతే! అతనికి స్పోర్ట్స్ కారు నడపాలని చిన్నప్పట్నుంచీ కోరికట. బిడ్డ పుట్టాక రెండు తలుపుల కారు ఎక్కే యోగం ఎటూ ఉండదని ఒక్కరోజుకి అద్దెకి తీసుకొచ్చాడు. ఎర్రగా, నేలకి అతుక్కుని పడుకున్నట్టుంది. దాన్లోకి దిగి కూర్చుంటే పీటమీద కూర్చుని రోడ్డు చూస్తున్నట్టే అనిపించింది.

లాస్‌వేగస్ నుంచి పహ్రంప్ ఊరు మీదుగా రెండున్నర గంటల దారి. పహ్రంప్ దాటితే ఇంక అంతా ఎడారే. కాలిఫోర్నియాలో అడుగుపెట్టాక డెత్ వ్యాలీ జంక్షన్ దగ్గర వెల్లగోడల పాత భవనం ఒకటి కనిపించింది. ‘‘వచ్చేప్పుడు చూద్దాం మావయ్యగారూ’’ అంటూ అల్లుడు కారు ఆపకుండా పోనిచ్చాడు.

పేరు భయపెట్టినా...

1849లో బంగారం వేటలో దారి తప్పి ఇక్కడ చిక్కుకున్నవాళ్లు, బయటపడ్డాక ఈ లోయకి ఆ పేరు పెట్టారంటారు. టింబిషా షోషోని తెగవారికి మాత్రం ఇది తరతరాల సొంత ఊరు. ఇప్పటికీ ఫర్నేస్ క్రీక్ దగ్గర ఉంటున్నారు. 1913 జులై 10న ఆ ఫర్నేస్ క్రీక్‌లోనే 56.7 డిగ్రీల ఎండ కాసింది. ప్రపంచంలో ఇప్పటిదాకా నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత అదే.

అక్కణ్నుంచి బ్యాడ్‌వాటర్ వెళ్లాం. సముద్రమట్టానికి 86 మీటర్లు కిందికి ఉంటుంది. ఉత్తర అమెరికా ఖండంలో అంతకన్నా పల్లం లేదు. కాళ్లకింద కరకరలాడే ఉప్పు, ఎదురుగా 3,368 మీటర్ల టెలిస్కోప్ శిఖరంమీద మంచు! ఒకేచోట నిలబడి రెండూ చూడటం నాకు వింతగా అనిపించింది.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం హార్మొనీ బోరాక్స్ వర్క్స్ దగ్గరున్న పాత బండ్లు. 1883 నుంచి 1889 వరకు ఈ లోయలో తీసిన బోరాక్స్‌ని 165 మైళ్ల దూరంలోని మొహావి రైల్వేస్టేషన్‌కి ఇలాంటి బండ్లమీదే తోలారు. పద్ధెనిమిది కంచరగాడిదలు, రెండు గుర్రాలు కలిపి లాగితే పది రోజుల ప్రయాణం. వెనక చక్రం ఎత్తు ఏడడుగులు. దానికి అంగుళం మందాన ఇనుప పట్టా. ‘‘దీనికి పంక్చరన్న మాటే లేదు బాబూ’’ అన్నాను. అల్లుడు నవ్వాడు. ఆ మాట ఏ ముహూర్తాన అన్నానో!

ఒక్క ఫొటో కోసం

తిరుగుదారిలో మధ్యాహ్నం మూడు దాటింది. డెత్ వ్యాలీ జంక్షన్ ఇంకో పదిహేను మైళ్లుందనగా కొండలమీద ఎండ బంగారంలా పడుతోంది. ‘‘బాబూ, కాస్త పక్కకి ఆపితే కారుతో ఒక ఫొటో’’ అని అడిగింది నేనే. తారు దిగి కంకరమీదికి వెళ్లాం. ఫొటో అయింది. మళ్లీ రోడ్డెక్కిన రెండు నిమిషాలకే డ్యాష్‌బోర్డుమీద పసుపు దీపం వెలిగింది. టైరులో గాలి తగ్గితే హెచ్చరించే ఆ ఏర్పాటు అమెరికాలో 2008 మోడల్ నుంచీ అన్ని కార్లకీ తప్పనిసరి. దిగి చూస్తే వెనక కుడి టైరు చతికిలపడి ఉంది.

నాకు లోపల్లోపల హుషారొచ్చింది. ఇన్నాళ్లకి నా పని దొరికింది కదా! చేతులు మడుచుకుని డిక్కీ తెరిచాను. జాకీ లేదు, స్పానర్ లేదు, స్టెప్నీ అసలే లేదు. ఆ స్థానంలో ఒక చిన్న గాలిపంపూ, తెల్లటి జిగురు సీసా ఉన్నాయి. బరువు తగ్గుతుందనీ, చోటు కలిసొస్తుందనీ చాలా స్పోర్ట్స్ కార్లకి స్టెప్నీ ఇవ్వరట. పైగా వెనక చక్రాలు ముందువాటికన్నా వెడల్పుగా ఉండటం వీటిలో మామూలే. ఒక స్టెప్నీ పెట్టినా రెండువైపులా సరిపోదు. అన్నట్టు, ‘స్టెప్నీ’ అనే మాట అమెరికాలో ఎవరికీ తెలీదు. వేల్స్ దేశంలో లనెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ వీధి ఉంది. 1904 ప్రాంతంలో అక్కడి కంపెనీ అమ్మిన అదనపు చక్రానికి వీధి పేరే వచ్చింది. అది మన దేశంలో అలాగే ఉండిపోయింది.

జిగురు ఎక్కించి పంపు ఆన్ చేశాం. ఎక్కించిందంతా టైరు పక్కనుంచి తెల్లగా కారిపోయింది. వేలుపెట్టి తడిమితే అర్థమైంది. కంకరరాయి పక్కగోడని కోసేసింది. నేలని తాకే భాగంలో ఆరు మిల్లీమీటర్లలోపు చిల్లయితే ఆ జిగురు ఆపుతుంది, తర్వాత షాపులో లోపల్నుంచి ప్లగ్గూ ప్యాచీ వేయించుకోవచ్చు. పక్కగోడ తెగితే మాత్రం ప్యాచీ వెయ్యరు. బండి నడుస్తున్నంతసేపూ వంగుతూ సాగుతూ ఉండేది ఆ గోడే కదా! ఆ టైరుమీద 275/40 అని రాసుంది. వెడల్పు 275 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 40 శాతం. అంటే 110 మిల్లీమీటర్లు. నాలుగు వేళ్లకి కాస్త ఎక్కువ. మలుపుల్లో కారు నిలకడగా ఉండటానికి అంత పొట్టిగా చేస్తారు. కంకరమీద మాత్రం అదే దానికి శాపం.

ఫోన్లో ఒక్క గీత లేదు

అల్లుడి ముఖంలో రంగు మారింది టైరు చూసి కాదు, ఫోన్ చూసి. సిగ్నల్ లేదు. అమ్మాయికి ఇంకో మూడు వారాల్లో నెలలు నిండుతాయి. ఆరింటికల్లా వస్తామని చెప్పాం. ‘‘జంక్షన్ దాకా నడిచి వెళ్తాను మావయ్యగారూ’’ అన్నాడు. ఇరవైనాలుగు కిలోమీటర్లు! ‘‘వద్దు బాబూ. బండి ఉన్నచోటే మనిషి ఉండాలి. వెతికేవాళ్లకి ముందు కనిపించేది బండే’’ అన్నాను. బ్రేక్‌డౌన్ వ్యాన్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. దగ్గర నాలుగు లీటర్ల నీళ్లున్నాయి. కారు నీడన కూర్చున్నాం.

అరగంటకి ఒక వ్యాన్ ఆగింది. అందులో పెద్దవాళ్లు, మొగుడూ పెళ్లాం. అద్దె కంపెనీ నంబరూ, అమ్మాయి నంబరూ కాగితంమీద రాసిచ్చాం. సిగ్నల్ దొరగ్గానే చేస్తామన్నారు. చేస్తారో లేదో తెలీదు. అలా మూడు గంటలు ఎదురుచూశాం.

ఆ మూడు గంటల్లోనే అల్లుడు అడిగాడు. ‘‘తను పుట్టినప్పుడు మీరు పక్కనే ఉన్నారా మావయ్యగారూ?’’

లేను. ఆ రాత్రి ఘాట్ రోడ్డులో ఆగిపోయిన బస్సుకి టైరు మారుస్తున్నాను. కబురు అందేసరికి తెల్లారింది. ఆస్పత్రికి వెళ్లేసరికి బిడ్డ పుట్టి తొమ్మిది గంటలయింది. మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఆ అనకపోవడమే ఇప్పటికీ గుచ్చుతుంది. ఈ సంగతి అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అల్లుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘నాకు భయంగా ఉంది. బిడ్డని ఎత్తుకోవడం కూడా రాదు’’ అన్నాడు. ‘‘ఎవరికి వచ్చు బాబూ?’’ అన్నాను.

ఏడింటికి పహ్రంప్ నుంచి ట్రక్కు వచ్చింది. కారుని పైకెక్కించి మమ్మల్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు డ్రైవర్. చీకటి పడుతుండగా జంక్షన్ దగ్గర ఆ తెల్ల భవనం మళ్లీ కనిపించింది. ‘‘ఇదీ టైరు పంక్చర్ వల్లే తెరుచుకుంది’’ అన్నాడతను.

1967లో మార్తా బెకెట్ అనే న్యూయార్క్ నర్తకి ఇటు వచ్చినప్పుడు ఆమె ట్రెయిలర్ టైరు పంక్చరైందట. బాగు చేయించడానికి ఈ జంక్షన్‌కి వచ్చి, ఆ కాస్త సమయంలో పాడుబడిన హాలు తలుపు సందులోంచి లోపలికి చూసింది. బోరాక్స్ కంపెనీ కట్టించిన హాలు అది. వెంటనే అద్దెకి తీసుకుని అమర్గోసా ఆపెరా హౌస్ అని పేరుపెట్టి 1968లో నాట్యం మొదలెట్టింది. ఈ ఎడారిలో చూడ్డానికి వచ్చేదెవరు? అందుకని గోడలనిండా రాజుల్నీ రాణుల్నీ సన్యాసినుల్నీ ప్రేక్షకులుగా చిత్రించుకుంది. ఎవరూ రాని రాత్రుల్లోనూ ఆడింది. 2012 వరకు ప్రదర్శనలిచ్చి, 2017లో 92వ ఏట కన్నుమూసింది.

పహ్రంప్ దగ్గరపడగానే ఫోన్ మోగింది. ‘‘నాన్నా, ఎవరో ఒకావిడ ఫోన్ చేసింది. టైరు మాత్రమే పాడైంది, ఇద్దరూ బాగున్నారు అని మూడుసార్లు చెప్పింది’’ అంది అమ్మాయి. అల్లుడు తల అటు తిప్పుకున్నాడు. ఆ కొలత టైరు పహ్రంప్‌లో దొరకలేదు. అదే ట్రక్కులో లాస్‌వేగస్ చేరేసరికి రాత్రి పదిన్నర. ఖర్చెంతయిందని అడిగితే అతను ఇప్పటికీ చెప్పడు.

మీరూ అటు వెళ్తే, కారు తీసుకునేముందే డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో చూడండి. అద్దె కారుని కంకర రోడ్డు ఎక్కించకండి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి కదలండి. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవకండి.

పదిహేడు రోజులకి మనవరాలు పుట్టింది. అల్లుడు కాన్పు గదిలోనే ఉన్నాడు. బయటికొచ్చి బిడ్డని ముందుగా నా చేతుల్లోనే పెట్టాడు. ‘‘పట్టుకోండి మావయ్యా’’ అన్నాడు. ఆరోజు నుంచీ ఆ ‘గారు’ లేదు.