ఈ గాలికి సిగరెట్ ఒక లెక్కా?

పటాన్‌చెరులో సిగరెట్ మానేశానని చెప్పి చూడండి. శభాష్ అనేవాళ్లు తక్కువ. "ఈ గాలి పీల్చేటోనికి సిగరెట్ ఒక లెక్కనా అన్నా?" అని నవ్వేవాళ్లే ఎక్కువ. ఇస్నాపూర్ దగ్గర పాన్ డబ్బా నడిపే తమ్ముడు ఇంకో అడుగు ముందుకేశాడు. ఎవరికో లూజు సిగరెట్ ఇచ్చి, తాడుకు వేలాడుతున్న లైటర్ అటు జరుపుతూ, "మానినోళ్లే ఎక్కువ దగ్గుతున్నరు, చూస్తలేరా?" అన్నాడు. అతని బేరం అతనిది. ఆ రెండు మాటల్లోనూ ఎంతో కొంత నిజముంది, చిక్కల్లా అక్కడే.

గాలి సంగతి ముందు చూద్దాం. 1970లలో మొదలైన పారిశ్రామికవాడ పటాన్‌చెరుతో ఆగలేదు. బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం దాకా పాకింది. మందులు, రసాయనాలు, ఇనుము, రంగులు, ఏది కావాలన్నా ఇక్కడ తయారవుతుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. ఎక్కువ మార్కులొస్తే ఫెయిలయ్యే పరీక్ష అది. అందులో అతి తీవ్రంగా కలుషితమైనవని తేలిన 43 ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి. ఆ తర్వాత కొంత మారింది, కొంత మారలేదు. కాబట్టి గాలి గురించి నవ్వేవాళ్లది ఉత్త వేళాకోళం కాదు.

ఇక మానినవాళ్ల దగ్గు. కొత్తలో నాకూ ఊపిరి సరిగ్గా అందలేదు. మెట్లెక్కుతూ మధ్యలో రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయేవాణ్ణి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఉన్నట్టుండి గుండెల నిండా గాలి తీసుకోవాలనిపించేది. ఎంత తీసుకున్నా నిండినట్టుండేది కాదు. పొద్దున వాష్‌బేసిన్ దగ్గర దగ్గి దగ్గి, బూడిదరంగు తెమడ ఉమ్మి, కళ్లనీళ్లు తుడుచుకుంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి, "తాగినప్పుడే మంచిగుంటిరి గద!" అంది. మానినవాళ్లలో చాలామంది మళ్లీ డబ్బా దగ్గరికి వెళ్లేది ఇలాంటి రోజుల్లోనే. ఒక్క దమ్ము పడితే ఆ బిగుతు వదులుతుంది కూడా. అదే దాని మాయ.

అసలు జరిగేది వేరు. శ్వాసనాళాల లోపలి గోడలకు కంటికి ఆనని సన్నటి నూగు ఉంటుంది. లోపలికి చేరిన దుమ్మునూ జిగటనూ పైకి నెట్టడం దాని ఉద్యోగం. పొగ ఆ నూగును చచ్చుబడేలా చేస్తుంది. మానితే అది మెల్లగా మళ్లీ పనిలోకి దిగుతుంది. ఏళ్లతరబడి మూసిపెట్టిన ఇల్లు ఊడిస్తే ముందు లేచేది దుమ్మే. అందుకే కొన్ని వారాలు దగ్గు పెరగొచ్చు. దగ్గు, ఆయాసం ఒకటి నుంచి తొమ్మిది నెలల లోపు తగ్గుముఖం పడతాయని వైద్యులు చెబుతారు. ఛాతీ బిగుతులో కొంత భాగం నికోటిన్ అందక ఒళ్లు పెట్టే గోల. మొదటి వారం దాని ప్రతాపం, మూడు నాలుగు వారాలకు సద్దుమణుగుతుంది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. సిగరెట్ తాగేవాడు రోజుకు ఎన్నోసార్లు తీరిగ్గా నిలబడి, లోతుగా పీల్చి, నిదానంగా వదులుతాడు. సిగరెట్‌తోపాటు ఆ తీరికా, ఆ లోతైన శ్వాసా పోతాయి. వాటిని పొగ లేకుండా వెనక్కి తెచ్చుకోవాలి.

తెచ్చుకునే పద్ధతిని ఛాతీ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపిస్టులు నేర్పుతారు. ముక్కుతో పీల్చాలి. ఈల వేయబోతున్నట్టు పెదవులు ముడిచి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదలాలి. మెట్లెక్కేటప్పుడు వదులుతూ ఎక్కాలి. ఆయాసం ముంచుకొస్తే కుర్చీలో ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించాలి. పీల్చడం అందరికీ వచ్చు, వదలడమే నేర్చుకోవాల్సిన విద్య. దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో పాత గాలి బయటికి పోకుండా ఇరుక్కుంటుంది, కొత్త గాలికి చోటుండదు. నడక కూడా మందే. కాకపోతే మన దగ్గర చలికాలం తెల్లవారుజామున వద్దు. రాత్రి చలికి పొగ పైకి లేవక నేలబారునే ఉంటుంది. ఎండెక్కాక నడిస్తే మేలు.

మానిన కొన్నాళ్లకు నా ముక్కు తిరిగి పనిచేయడం మొదలుపెట్టింది. పప్పుచారు పోపులో ఎల్లిగడ్డ వాసన వీధి గుమ్మం దాకా తెలిసింది. అర్ధరాత్రి కిటికీలోంచి వచ్చే వాసనలూ తెలిశాయి. ఒకరోజు కుళ్లిన కోడిగుడ్డు, ఒకరోజు నెయిల్ పాలిష్, ఒకరోజు కాలిన ప్లాస్టిక్. ఇన్నేళ్లూ ఇవి లేవని కాదు, నాకు అందలేదంతే. బొల్లారం, పాశమైలారం, ఇక్రిశాట్‌లలో గాలిని కొలిచే కేంద్రాలున్నాయి, ఆ అంకెలు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. సన్నటి ధూళి రోజుకు సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 చాలంది. ఈ రెంటి మధ్య ఉన్న గాలినే మనం "మంచిగుంది" అనుకుంటూ పీలుస్తున్నాం.

ఊపిరిని కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకున్న రోజు బాగా గుర్తు. ముక్కుకు క్లిప్పు బిగించి, నోట్లో గొట్టం పెట్టి, "గట్టిగా పీల్చండి... ఇగ ఊదండి, ఊదండి, ఊదండి, ఆపొద్దు, ఇంకా ఉంది, ఊదండి!" అని ఆ టెక్నీషియనమ్మాయి వరండాలో కూర్చున్నవాళ్లు కూడా ఉలిక్కిపడేలా అరిచింది. కళ్లు బైర్లు కమ్మాయి. మళ్లీ ఊదమంది. చివరికి చేతికొచ్చిన కాగితం మీద చూడాల్సిన అంకె ఒకటుంది: మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వచ్చింది అన్నది. వయసు పాతిక దాటాక అందరికీ ఆ అంకె ఏటా పాతిక ముప్పై మిల్లీలీటర్లు తగ్గుతూనే ఉంటుంది. పొగ తాగేవాళ్లలో, అది పడనివాళ్లకు ఆ తరుగు రెట్టింపవుతుంది, ఇంకా మించుతుంది. లండన్‌లో పనివాళ్లను ఏళ్లపాటు పరీక్షించిన ఫ్లెచర్, పీటో 1977లో తేల్చిందేమిటంటే, మానితే పోయిన ఊపిరి తిరిగి రాదు, కానీ తరుగుదల ఎన్నడూ తాగనివాళ్ల స్థాయికి దిగుతుంది. బ్రిటిష్ డాక్టర్లనే 1951 నుంచి యాభై ఏళ్లు గమనించిన రిచర్డ్ డాల్ బృందం లెక్క ఇంకా ఊరటనిస్తుంది: ముప్పయ్యేళ్లకు మానితే దాదాపు పదేళ్ల ఆయుష్షు దక్కుతుంది, యాభైకి మానితే ఆరేళ్లు, అరవైకి మానినా మూడేళ్లు.

ఇన్‌హేలర్ అనగానే మనవాళ్లకు గుబులు. "అది అలవాటైతే ఇగ ఇడువది" అంటారు, ఇరవై ఏళ్లు సిగరెట్ అలవాటైనప్పుడు రాని భయం అప్పుడొస్తుంది. ఆయాసానికి ఇచ్చే సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములైతే, ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. మాత్రలో నలభయ్యో వంతు. పైగా నేరుగా చేరాల్సిన చోటికే చేరుతుంది. డాక్టరు రాస్తే మొహమాటం లేకుండా వాడాలి. స్టెరాయిడ్ ఉన్నదైతే తర్వాత నోరు పుక్కిలించాలి.

"మానుడు మాతోటి కాదు" అనే షిఫ్ట్ కార్మికులకు ఒకటి గుర్తుచేయాలి. సాల్వెంట్లు వాడే ప్లాంట్‌లో అగ్గిపెట్టె, లైటర్ లోపలికి రానివ్వరు. గేటు దగ్గర సెక్యూరిటీ జేబులు తడిమి తీసుకుంటాడు. అంటే షిఫ్ట్ ఉన్న ఎనిమిది గంటలూ సిగరెట్ లేకుండానే రియాక్టర్లు నడుస్తాయి, డ్రమ్ములు కదులుతాయి, బ్యాచ్‌లు పూర్తవుతాయి. పేలిపోతుందన్న భయంతో రోజూ మానగలిగినవాడు, మానలేనని గేటు బయటికొచ్చాక అనడం సబబు కాదు.

అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. దగ్గుతో వెళ్లినవాణ్ణి మొదట అడిగేది, "సిగరెట్ తాగుతరా?" అని. అవునంటే చాలాసార్లు రెండో ప్రశ్న రాదు. ఏ ప్లాంట్‌లో పని, ఏ పౌడరు ఎగురుతుంది, మాస్కు ఇస్తారా, ఎగ్జాస్ట్ తిరుగుతుందా, ఇవేవీ ఎవరూ అడగరు. సూపర్‌వైజర్‌కు చెప్పుకున్నా, "నువ్వు తాగుతవ్ గద!" అన్న ఒక్క మాటతో ఫైలు మూతపడుతుంది. ఎన్నడూ పొగ తాగనివాళ్లకూ దుమ్ము వల్ల, రసాయనాల వల్ల, కట్టెల పొయ్యి వల్ల ఊపిరితిత్తులు పాడవుతాయి. కానీ చేతిలో సిగరెట్ ఉన్నంతకాలం మిగతా పొగలన్నీ నిర్దోషులే. మన చేతిలో పొగ మన ఊపిరిని తినడంతో ఊరుకోదు, పక్కవాడి చిమ్నీకి జామీను కూడా ఇస్తుంది.

ఈ ప్రాంతం కోర్టుకెక్కని ప్రాంతం కాదు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో పడిన కేసు తర్వాత హైకోర్టుకు, అక్కడినుంచి హరిత ట్రిబ్యునల్‌కు నడిచింది. ఇక్కడే వైద్యం చేసిన డాక్టర్ కిషన్ రావు దశాబ్దాలపాటు రోగులను చూస్తూనే ఆ పోరాటం చేశారు. అంతకాలంలో తెలిసిందేమిటంటే, కోర్టుకు కోపం అక్కరలేదు, కాగితం కావాలి. ఇక్కడి నక్కవాగు నీళ్లను సీసాలో పట్టి చూపించొచ్చు. గాలికి సాక్షి మన ఊపిరితిత్తులే. ఆ సాక్షి నోట్లో సిగరెట్ ఉంటే ఎదుటి వకీలుకు పని సులువు.

కాబట్టి మానండి. మానినప్పుడొచ్చే ఆయాసానికి బెదరకండి, అలాగని దాన్ని గాలికీ వదిలేయకండి. దగ్గు రెండు వారాలు దాటితే మానిన దగ్గేలే అనుకోకుండా ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేసే కఫం పరీక్ష చేయించుకోండి. తెమడలో రక్తం కనిపించినా, బరువు తగ్గుతున్నా ఆగొద్దు. మాట పూర్తిచేయలేనంత ఆయాసం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలంగా మారడం ఉంటే 108కి ఫోన్ చేయండి. మానడానికి తోడు కావాలంటే సిగరెట్ పెట్టె మీదే నంబరుంది: 1800-11-2356. ఇక ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు ఇంకో పనుంది. ప్రమాదకరమైన పనుల్లో ఉన్నవాళ్లకు ఏటా వైద్య పరీక్ష చేయించాలని, ఆ రికార్డు కార్మికుడు చూసుకునే వీలుండాలని భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లోనే ఫ్యాక్టరీల చట్టంలో రాశారు. ఆ రిపోర్టు అడిగి తీసుకోండి, జిరాక్స్ ఇంట్లో దాచుకోండి. రేపు గాలి మీద ఫిర్యాదు రాసేటప్పుడు దాన్ని, మీ స్పైరోమెట్రీ కాగితాన్ని జతచేయండి.