బ్రాడ్ స్ట్రీట్ కింద ఏడో ఆట

ట్రెంటన్‌లో రైలు మారాలి. న్యూజెర్సీ వాళ్ల రైలు అక్కడితో ఆగిపోతుంది, ఫిలడెల్ఫియా వాళ్ల సెప్టా రైలు అక్కణ్ణుంచే బయల్దేరుతుంది. కదిలిన కాసేపటికే డెలావేర్ నది. పక్కన పాత ఇనుప వంతెన, దాని మీద ‘ట్రెంటన్ తయారు చేస్తుంది, ప్రపంచం తీసుకుంటుంది’ అనే అర్థం వచ్చే పెద్ద పెద్ద అక్షరాలు. నది దాటితే పెన్సిల్వేనియా. అమెరికా పటంలో అది రెండు రాష్ట్రాల సరిహద్దు మాత్రమే. నాకు కనిపించిన అసలు సరిహద్దు జనం నెత్తిన ఉంది. అంతదాకా న్యూయార్క్ జట్ల టోపీలు, అక్కణ్ణుంచి ‘పి’ అక్షరం ఉన్న ఎర్ర టోపీలు.

ఆ రోజు 2023 అక్టోబరు 24, మంగళవారం. ఎడిసన్‌లో అక్కా వాళ్లింట్లో దిగిన నన్ను మా మేనల్లుడు ఫోన్ చేసి మరీ రమ్మన్నాడు. “మామయ్యా, ఏడో ఆట! ఇలాంటిది మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు.” వాడు ఫిలడెల్ఫియాలో చదివి, అక్కడే ఉద్యోగంలో చేరి, ఆ ఊరి బేస్‌బాల్ జట్టు ఫిల్లీస్‌కి పూర్తిగా అంకితమైపోయాడు. కూర్చునే టికెట్లు దొరకలేదట, నిలబడి చూసేవి రెండు కొన్నాడు. ఎంతకు కొన్నాడో అక్కకు చెప్పొద్దని ముందే నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

పరిస్థితి ఇది. నేషనల్ లీగ్ విజేత ఎవరో తేల్చే సిరీస్. ఏడు ఆటల్లో ముందు నాలుగు గెలిచినవాళ్లు వరల్డ్ సిరీస్‌కి వెళ్తారు. ఫిల్లీస్ సొంత మైదానంలో మొదటి రెండూ గెలిచింది, రెండోది ఏకంగా 10-0తో. అరిజోనా డైమండ్‌బ్యాక్స్ సీజన్ మొత్తంలో గెలిచింది 84 ఆటలే, దాని పని అయిపోయిందనుకున్నారంతా. తీరా ఫీనిక్స్‌కి వెళ్లాక మూడో ఆట 2-1తో, నాలుగోది 6-5తో చేజారాయి. రెండుసార్లూ చివర్లో బంతి వేసి దెబ్బతిన్నది క్రెయిగ్ కింబ్రెల్. అయిదోది ఫిల్లీస్‌దే. ఇంటికొచ్చాక, ముందు రోజు సోమవారం, ఆరోది 5-1తో పోయింది. అప్పటిదాకా ఆ అక్టోబరులో సొంతగడ్డ మీద ఒక్క ఆట కూడా ఓడని జట్టది.

బ్రిస్టల్ దాటాక నా ఎదుటి సీట్లోకి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. డెబ్బయ్యేళ్లుంటాయి. వెలిసిపోయిన ఎర్ర జాకెట్టు, చెవిలో చిన్న రేడియో తాలూకు తీగ. నేను ఆటకే వెళ్తున్నానని తెలియగానే “ఇండియానా? మీది క్రికెట్ కదా” అన్నాడు. వంద, నూట ఇరవయ్యేళ్ల కిందట ఆయన ఊరే అమెరికాలో క్రికెట్‌కి రాజధాని అని, ఆ ఊరి బార్ట్ కింగ్ 1908లో ఇంగ్లండు వెళ్లి ఆ ఏడాది అక్కడి బౌలింగ్ సగటుల్లో అందరికన్నా ముందు నిలిచాడని నేనే ఆయనకు చెప్పాల్సి వచ్చింది. ఆసక్తిగానే విన్నాడు. కానీ మనసంతా ముందు రోజు రాత్రి దగ్గరే ఉంది.

“నోలాని అంతసేపు ఉంచకూడదు” అన్నాడు. ఆరన్ నోలా ముందు రోజు ఆటలో ఫిల్లీస్ పిచర్. రెండో ఇన్నింగ్స్‌లో అరిజోనా ఆటగాళ్లు ఫామ్, గురియెల్ వరసగా ఇద్దరూ అతని బంతుల్ని హోమ్‌రన్లుగా బాదారు. ఆ వెనకాల సీట్లోని కుర్రాడు ఊరుకోలేదు. ఒక్క పరుగు చేసి ఓడిపోతే పిచర్‌ని అంటారేమిటన్నాడు. బ్యాట్ పట్టినవాళ్లని అనాలి గానీ. పెద్దాయన వెనక్కి తిరగకుండానే, “నువ్వు 1964 చూడలేదు” అన్నాడు.

అక్కడ మొదలైంది. ఆ ఏడాది సెప్టెంబరులో ఇంకా పన్నెండు ఆటలుండగా ఫిల్లీస్ ఆరున్నర ఆటల ఆధిక్యంలో ఉంది. వరల్డ్ సిరీస్ టికెట్లు అచ్చయ్యాయంటారు. సెప్టెంబరు 21న సిన్సినాటి ఆటగాడు చికో రూయిజ్, బ్యాటింగ్‌లో ఫ్రాంక్ రాబిన్‌సన్ లాంటి దిట్ట ఉండగా, మూడో బేస్ నుంచి హఠాత్తుగా పరుగెత్తి ఇంటి గడప తొక్కేశాడు. ఆట 1-0తో పోయింది. ఆ తర్వాత వరసగా మరో తొమ్మిది, మొత్తం పది ఓటములు. మేనేజర్ జీన్ మాక్ కంగారుపడి తన ఇద్దరు మేటి పిచర్లు జిమ్ బన్నింగ్, క్రిస్ షార్ట్‌లను తగినంత విశ్రాంతి ఇవ్వకుండా మళ్లీ మళ్లీ దించాడు. పెద్దాయనకి అప్పుడు పదేళ్లట. రైలు నార్త్ ఫిలడెల్ఫియా దాటుతున్నప్పుడు కిటికీలోంచి పడమటి వైపు వేలు చూపించాడు. ట్వంటీఫస్ట్, లీహై వీధుల మూలన ఉండేది ఆ మైదానం, కాన్నీ మ్యాక్ స్టేడియం. ఇప్పుడు లేదు. ఆయన మాత్రం జీన్ మాక్‌ని నిన్న సాయంత్రం తప్పు చేసినవాడిలాగే తిట్టాడు. యాభై తొమ్మిదేళ్ల కోపం అంత తాజాగా ఉండటం నేనెక్కడా చూడలేదు. మన ఊళ్లలో పొలం గట్టు తగాదాలు మాత్రమే దానికి సాటి.

ఆ కోపానికి పునాది లేకపోలేదు. ఫిల్లీస్ 1883లో పుట్టింది. అమెరికాలో పదివేల ఓటములు మూటగట్టుకున్న మొదటి వృత్తి క్రీడాజట్టు ఇదే, 2007 జులైలో. వరల్డ్ సిరీస్ గెలిచింది రెండేసార్లు, 1980లో, 2008లో. 1993లో చివరిదాకా వెళ్లి టొరంటో ఆటగాడు జో కార్టర్ కొట్టిన హోమ్‌రన్‌తో పోగొట్టుకున్నారు. ఈ ఆటకు ముందు ఏడాది, 2022లో, హ్యూస్టన్ చేతిలో ఓడారు. ఊరి జనానికి ఇవన్నీ కంఠోపాఠం.

సిటీ హాల్ దగ్గర మేనల్లుడు కలిశాడు. అక్కణ్ణుంచి భూగర్భంలో బ్రాడ్ స్ట్రీట్ లైను, చిట్టచివరి స్టేషన్ పక్కనే స్టేడియం. మెట్లు దిగేముందు వాడు వీధిదీపం స్తంభాలు చూపించాడు. జట్టు గెలిచిన రాత్రి జనం స్తంభాలెక్కుతారని ఈ ఊళ్లో పోలీసులు ముందే జారుడు పదార్థం పూయడం రివాజు. అయినా ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉంటారట.

రైలు పెట్టెలో కాలు పెట్టే సందు లేదు. ఒక మూల కుర్రాళ్లు ‘డాన్సింగ్ ఆన్ మై ఓన్’ ఎత్తుకున్నారు. ప్రేయసి వేరొకడితో కనిపిస్తే ఒంటరిగా నాట్యం చేసుకునేవాడి పాట అది. ఈ జట్టు విజయగీతంగా దాన్నే ఎంచుకుందంటే ఈ ఊరి స్వభావం అర్థమవుతుంది. తక్కిన పెట్టె అంతా ఒక్క పేరు మీదే నడిచింది: నిక్ కాస్టెయానోస్.

పన్నెండు రోజుల కిందట ఇదే మనిషిని నెత్తిన పెట్టుకున్నారు. అట్లాంటా మీద వరసగా రెండు ప్లేఆఫ్ ఆటల్లో రెండేసి హోమ్‌రన్లు కొట్టాడు, అంతకుముందు ఎవరూ చేయని పని. అరిజోనాతో మొదటి ఆటలో కూడా ఒకటి కొట్టాడు. ఆ తర్వాత ఒక్క హిట్ లేదు. దూరంగా పోతున్న బంతిని కూడా వదలకుండా బ్యాట్ విసురుతున్నాడు.

“కూర్చోబెట్టాలి” అంది చేతిలో ఎర్ర తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ.

“కూర్చోబెట్టి ఎవర్ని ఆడిస్తావు?” అన్నాడు పక్కనున్న భర్త.

“ఎవరైనా సరే. నువ్వైనా సరే.”

మేనల్లుడు లెక్కల మనిషి. ఇరవై సార్లు బ్యాటింగ్‌కి వస్తే అందులోంచి ఏమీ తేల్చలేమని, మంచి ఆటగాడికీ ఇలాంటి వారాలుంటాయని చెప్పబోయాడు. ఆవిడ వాడిని పైనుంచి కిందికి చూసి, “ఇరవయ్యా? నేను ప్రతి ఒక్కటీ చూశాను బాబూ” అంది. పెట్టెలో సగంమంది నవ్వారు. లెక్క వాడిదే సరైనది, సభ మాత్రం ఆవిడది.

అప్పుడు వెనకనుంచి ఎవరో ట్రే టర్నర్ మాట ఎత్తారు. ఆ ఊళ్లో ఆ ఏడాది అందరూ చెప్పుకున్న కథ అది. పదకొండేళ్లకు 30 కోట్ల డాలర్లకు వచ్చిన టర్నర్, ఆగస్టుదాకా ఘోరంగా ఆడాడు. ఊరు బూ అంది, దుమ్మెత్తిపోసింది. తర్వాత ఎవరికి తట్టిందో, తిట్టడం ఆపి ఒకసారి లేచి నిలబడి చప్పట్లు కొడదామన్నారు. ఆగస్టు 4న అతను బ్యాట్ పట్టుకుని రాగానే స్టేడియం మొత్తం లేచింది. అక్కణ్ణుంచి టర్నర్ ఆట మారిపోయింది. అతను ఊళ్లో హోర్డింగులు పెట్టించి మరీ జనానికి థాంక్స్ చెప్పాడు. “కాస్టెయానోస్‌కి కూడా అలా చేద్దాం” అన్నది ఆ గొంతు. “ఆగస్టులో చేస్తారు దయ, అక్టోబరులో కాదు” అన్నాడు తువ్వాలావిడ భర్త. చివరి స్టేషన్ వచ్చేదాకా దీనిమీదే రెండు పక్షాలు.

స్టేడియం 2004లో తెరిచారు. దాని పక్క పార్కింగ్ స్థలం ఒకప్పటి వెటరన్స్ స్టేడియం, అక్కడి పాత బేసుల చోట్లు కార్ల మధ్య నేలలో గుర్తులుగా పెట్టి ఉంచారు. ఇద్దరు ముగ్గురు వాటి మీద కాలు ఆనించి మొక్కులాంటిదేదో చేసుకున్నారు. కొన్ని మొక్కులకు భాష అక్కర్లేదు.

మాకు దొరికింది కింది అంతస్తు సీట్ల వెనక కమ్మీ ఆనుకుని నిలబడే చోటు. నలభై అయిదు వేల మంది ఒకే గొంతుతో అరిస్తే ఆ కమ్మీ మోచేతుల కింద సన్నగా వణుకుతుంది. మొదట్లోనే అరిజోనాకు ఒక పరుగు వచ్చింది. రెండో ఇన్నింగ్స్‌లో ఆలెక్ బోమ్ హోమ్‌రన్ కొట్టగానే కుడివైపు ఎత్తున ఉన్న పెద్ద లిబర్టీ గంట వెలిగి, ఊగి, మోగింది. నాలుగోదాంట్లో బ్రైసన్ స్టాట్ దెబ్బకు 2-1. అప్పటికి నా చుట్టూ ఉన్నవాళ్లంతా ఫిల్లీస్ మేనేజర్ థామ్సన్ గొప్పవాడని ఒప్పుకున్నారు.

అయిదో ఇన్నింగ్స్‌లో అరిజోనా ఆటగాడు కార్బిన్ కారల్ వచ్చాడు. ఇరవై మూడేళ్ల కుర్రాడు, చిన్న మనిషి, మొదటి పూర్తి సీజన్. ఒక హిట్‌తో స్కోరు సమం చేశాడు, మరుక్షణం రెండో బేస్ దొంగిలించాడు, గేబ్రియల్ మొరేనో హిట్‌కి తనే పరుగు పూర్తి చేశాడు. 3-2. ఏడోదాంట్లో మళ్లీ అతని వల్లే ఇంకొకటి. నేను అప్రయత్నంగా చప్పట్లు కొట్టాను. మేనల్లుడు నా చేతులు పట్టుకుని కిందికి దించాడు. “మామయ్యా, ఇక్కడ వద్దు.”

ఏడో ఇన్నింగ్స్ ఆఖర్న ఫిల్లీస్‌కి ఇద్దరు బేసుల మీద ఉన్నారు, బ్యాటింగ్‌కి బ్రైస్ హార్పర్. ఊరికి ఇష్టదైవం. బంతి లేచినప్పుడు అందరితో పాటు నేనూ మునివేళ్ల మీద నిలబడ్డాను. అది సెంటర్‌ఫీల్డులో అలెక్ థామస్ చేతిలో పడింది. ఫీనిక్స్‌లో నాలుగో ఆటని హోమ్‌రన్‌తో తిప్పినవాడూ ఇతనే. కాస్టెయానోస్‌కి ఆ రాత్రి కూడా హిట్ దొరకలేదు. మొత్తం సిరీస్‌లో ఇరవై నాలుగుసార్లకు ఒకటే. అతను వచ్చినప్పుడల్లా మా వరసలో సగంమంది చప్పట్లు కొట్టారు, సగంమంది మొహాలు తిప్పుకున్నారు, ఒకాయన రెండూ చేశాడు. తొమ్మిదోదాంట్లో చివరి బంతి కుడివైపు గాల్లోకి లేచి కారల్ చేతిలోకే వెళ్లింది. 4-2.

స్టేషన్ బయట రైలు కోసం తోసుకుంటూ చాలాసేపు నిలబడ్డాం. పోస్టుమార్టం అక్కడే మొదలు. కింబ్రెల్‌ని అసలు కొనకుండా ఉండాల్సింది. థామ్సన్ బ్యాటింగ్ వరస మార్చాల్సింది. టర్నర్ చేతులు కట్టేసుకున్నాడు. బంతి ఏదైనా సరే హోమ్‌రనే కొట్టాలని అందరూ చూశారు. ఈ చివరిదాంతో నేను ఏకీభవిస్తాను. ఒక్క కాస్టెయానోస్ కాదు, వరసలో సగంమంది వదిలేయాల్సిన బంతుల్ని వెంటాడారు. అయితే సిరీస్ పోయింది ఈ రాత్రి కాదు, ఫీనిక్స్‌లో ఒక్కొక్క పరుగు తేడాతో ఓడిన ఆ రెండు రాత్రులూ.

అంత వాదనలోనూ నేను వినని పేరు కారల్. మొరేనో పేరూ వినబడలేదు, ఏడో ఆటలో ఫిల్లీస్‌కి ఎదురు నిలిచిన కొత్త పిచర్ బ్రాండన్ ఫాట్ పేరూ లేదు. అవతలి జట్టు మైదానంలోకి దిగనే లేదన్నట్టు, ఫిల్లీస్‌ని ఫిల్లీసే ఓడించుకుందన్నట్టు మాట్లాడారు. మేనల్లుడిని అడిగితే చిరాకుపడ్డాడు. “వాళ్లు మనకన్నా బాగా ఆడారని ఒప్పుకుంటే ఇంక మాట్లాడుకోవడానికి ఏముంటుంది మామయ్యా?” తప్పు తమదైతే తిట్టచ్చు, దిద్దచ్చు, వచ్చే ఏడాదికి సలహా ఇవ్వచ్చు. ఎదుటివాడి గొప్పతనాన్ని మాత్రం ఏం చేయగలరు? 1964ని కూడా ఇన్నేళ్లూ బతికించింది జీన్ మాక్ తప్పే. ఆ ఏడాది చివరికి లీగ్ గెలిచింది సెయింట్ లూయిస్ అని రైల్లో పెద్దాయన ఒక్కసారీ అనలేదు.

మర్నాడు పొద్దున మేనల్లుడు కార్లో నన్ను థర్టియెత్ స్ట్రీట్ స్టేషన్‌కి తీసుకెళ్లాడు. 94.1 డబ్ల్యూఐపీ రేడియోలో జనం వరసగా ఫోన్లు చేసి దులిపేస్తున్నారు. ఒకాయన హార్పర్‌ని వెనకేసుకొచ్చాడు, ఇంకొకాయన మేనేజర్‌ని ఇంటికి పంపమన్నాడు, ఒక ముసలి గొంతు యథావిధిగా 1964 దగ్గర మొదలుపెట్టింది. స్టేషన్ ముందు కారాపి వాడు బ్యాగు దించుతాడేమోనని చూశాను. ఫోన్ చెవికి ఆనించుకుని, ఎడంచేత్తో ఆగమని సైగ చేశాడు. “నేనూ లైన్లో ఉన్నాను మామయ్యా. నాకన్నా ముందు ఇంకా ముగ్గురున్నారట. కాస్టెయానోస్ ఇరవై నాలుగుసార్ల లెక్క ఈ ఊరికి ఎవరో ఒకరు సరిగ్గా చెప్పాలి.” బ్యాగు నేనే దించుకున్నాను.