అనుమంద్రం కోసం

కాకినాడ నుంచి కోటిపల్లికి ఒక రైలు మార్గం ఉంది. 1928లో వేశారు. యుద్ధం అవసరాలకని 1940లో పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ 2004లో గానీ అక్కడ రైలు కూత వినబడలేదు. ఆ మార్గానికి కాకినాడ ఒక కొస, మధ్యలో రామచంద్రపురం, అది దాటితే ద్రాక్షారామం. వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు 1922లో పుట్టింది ద్రాక్షారామంలో. ఆయన శిష్యుడు చిట్టిబాబు 1936లో పుట్టింది కాకినాడలో. గురువుగారి ఊరికీ శిష్యుడి ఊరికీ నడుమ, రామచంద్రపురంలో, మా మావయ్య ఇల్లు. ఆయన డెబ్బై దాటిన లెక్కల మేష్టారు. ఇద్దరి రికార్డులూ బీరువాలో ఉన్నాయి. వాయించుకోడానికే ఏమీ లేదు.

ఒకప్పుడు హెచ్.ఎం.వి. ఫియస్టా ఉండేది. దాని ముల్లు రికార్డుని వాయించేదో దున్నేదో చెప్పడం కష్టం. అది అటకెక్కాక మా బావ అమెరికా నుంచి అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకరు పంపాడు. ఓ రోజు మావయ్య ఫోన్ చేసి, "ఒరే, మంద్రం దాకా ఫరవాలేదురా. అనుమంద్రం మాత్రం ఊహించుకోవాల్సొస్తోంది" అన్నారు.

ఆయన బాధపడుతూ అన్నమాట గానీ, శాస్త్రం కూడా అదే చెబుతుంది. వీణకి వాయించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. తాళానికి మరో మూడు. మూడో శ్రుతికి కడితే అనుమంద్రం సెకనుకి దాదాపు 62 సార్లు కంపిస్తుంది. అరచేతి స్పీకరుకి అంత గాలిని కదిపే సత్తువ లేదు. కానీ దాని రెట్లు, 124, 186, అవి పలుకుతుంది. వాటిని విని మెదడు కింద లేని స్వరాన్ని తనే కల్పించుకుంటుంది. ఫోన్లో మగవాళ్ళ గొంతు గుర్తుపట్టేదీ ఇలాగే. మావయ్య ఇన్నాళ్ళూ నిజంగానే ఊహించుకుంటున్నారు.

ఆయనకి మంచి స్పీకరు బాక్సులు కొందామని హైదరాబాదులో నేను ఎక్కిన షోరూములన్నిట్లోనూ ఒకటే వరస. చల్లటి గది, మెత్తటి సోఫా, ఎవరో ఇంగ్లీషు ఆవిడ గుసగుసగా పాడే పాట. ఆ పాటకి ఏ బాక్సైనా బాగానే ఉంటుంది. నేను చిట్టిబాబు వీణ పెట్టమంటే సేల్స్ కుర్రాడు మొహం చిట్లించి, ఆనక పెట్టాడు. పెట్టిన నిమిషంలో సగం బాక్సులు పోటీలోంచి తప్పుకున్నాయి. కొన్నిట్లో మీటు చెంబు మీద చెంచాతో కొట్టినట్టుంది. కొన్నిట్లో గమకం నడుస్తుండగా స్వరం ఒక చోట లావెక్కి ఇంకో చోట సన్నబడుతోంది. చివరికి ఆరున్నర అంగుళాల వూఫరున్న రెండు బాక్సులు, స్టాండు మీద పెట్టుకునేవి, తీసుకున్నాను. నా లెక్కలో డబ్బు ఉన్నంతలో సగం పైగా బాక్సులకే పోవాలి. మిగతాది ఆంప్లిఫయరుకీ, టర్న్‌టేబుల్‌కీ. వైర్ల మీద పెట్టడం దండగ. అక్కడ గజం వేలల్లో చెప్పిన వైరు చూసి నమస్కారం పెట్టి, కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి మామూలు లావు రాగి వైరు కొలిపించుకున్నాను.

వాట్ల సంగతి కూడా చెప్పాలి. నేను కొన్న ఆంప్లిఫయరు 50 వాట్లది. ఆ బాక్సు ఒక్క వాటుకి మీటరు దూరంలో 88 డెసిబెల్ పలుకుతుంది. అంటే ఒక్క వాటు చాలు, పక్కవాడితో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. డబ్బాల మీద వెయ్యి, రెండు వేలు అని అచ్చేసే అంకెలు చూసి నాకు నవ్వే వస్తుంది.

రామచంద్రపురం ప్రయాణానికి బాక్సులు రెండింటినీ కారు వెనక సీట్లో బెల్టులు పెట్టి కూర్చోబెట్టాను. టర్న్‌టేబుల్ చేతిని కట్టేసి, బరువు గుండు విప్పి విడిగా చుట్టాను. సిద్ధాంతం దగ్గర వసిష్ఠ, రావులపాలెం దాటాక గౌతమి. రావులపాలెంలో అరటి గెలల లారీలు రోడ్డుని సగం ఆక్రమించాయి. జొన్నాడలో హైవే దిగి ఆలమూరు, మండపేట మీదుగా పోయే రోడ్డు ఎక్కాక ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా వెనక్కి తిరిగి చూసుకోవడమే. కోతలు అయిపోయాయి. రోడ్డు వారన ఒక పక్క ధాన్యం ఆరబోశారు, ఒక పక్క బస్తాలు నిలబెట్టారు. హారన్ కొట్టినా ఎవరూ కదలరు. కదలక్కర్లేదు కూడా, ఆ రోజుల్లో రోడ్డు వాళ్ళది.

అత్తయ్య గుమ్మంలోనే, "ఇవి ఇక్కడ పెడితే నేను వడియాలు ఎక్కడ పెట్టుకోను?" అంది.

కోట ఉన్న వీధికి దగ్గర్లో, మండువా ఇల్లది. నట్టనడుమ ఆకాశం కనబడే మండువా, చుట్టూ నాలుగు వసారాలు, ఎర్ర గచ్చు, గోడల్లో మూరెడు లోతు గూళ్ళు. మావయ్య తన పుస్తకాల గది ఖాళీ చేసి ఉంచారు. తలుపేసుకుంటే చప్పుళ్ళు రావని ఆయన ఆలోచన. పన్నెండు అడుగుల చదరం, పది అడుగుల ఎత్తు. బాక్సులు పెట్టి రికార్డు వేశాం. అనుమంద్రం వచ్చింది. వచ్చింది, ఇక పోదే! తీగ ఆపినా గది ఆపదు. ఎవరో ఖాళీ పీపాలోకి వంగి మాట్లాడుతున్నారు.

"మేష్టారండీ, గదిలో ఏనుగుందండి" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మైకుసెట్టు ఆయన. పెళ్ళిళ్ళకీ, కోలాటాలకీ, తీర్థాలకీ బాక్సులు అద్దెకిచ్చే మనిషి. మావయ్య దగ్గరే చదివాడు. కరెంటు పని కూడా వచ్చని పిలిపించారు. లోపలికొస్తూనే గట్టిగా చప్పట్లు కొట్టి, తల పక్కకి వాల్చి విన్నాడు. మూలకెళ్ళి కొట్టాడు. మధ్యకొచ్చి కొట్టాడు. తరవాత ఆంప్లిఫయరు కేసి చూసి "ఎన్ని వాట్లండి?" అన్నాడు. యాభై అన్నాను. మర్యాదగా ఊరుకున్నాడు గానీ మీసం కింద నవ్వు దాగలేదు.

ఏనుగెక్కడుందో మావయ్య కాగితం మీద పట్టేశారు. మన వేడిలో ధ్వని సెకనుకి 350 మీటర్లు పోతుందనుకుంటే, గోడకీ గోడకీ మధ్య సగం అల సరిగ్గా ఇరుక్కునే చోటు ఉంటుంది. పన్నెండు అడుగులకి అది 48. పొడవూ వెడల్పూ ఒకటే కాబట్టి రెండూ అక్కడే గుమిగూడతాయి. పది అడుగుల ఎత్తుకి 57. అనుమంద్రం పక్కనే కూర్చుంది. "చదరపు గది పనికిరాదురా" అని పెన్ను మూశారు. గది మీద ఆయనకి అప్పుడే మోజు పోయింది.

మండువాలోకి మార్చడం నా మాట. అత్తయ్య ముగ్గుపిండితో బాక్సుల చోటు గుర్తు పెట్టింది, అంతకి మించి అంగుళం జరపడానికి వీల్లేదని. గోడకి మూడడుగులు ఇవతలగా పెట్టి వేస్తే ఏనుగు లేదు. కింది స్వరాలు ఆకాశంలోకి పోతున్నాయి. ఇక్కడ నేను మావయ్యకి వాలెస్ సాబిన్ కథ చెప్పాను. 1895లో హార్వర్డులో కొత్త లెక్చరు హాల్లో మాట అర్థం కావడం లేదంటే, ఆ కుర్ర లెక్చరరు రాత్రిపూట పక్క థియేటరు కుర్చీల మెత్తలు మోయించి, ఒక్కోటి పరుస్తూ, ఆర్గన్ గొట్టం ఊది, గడియారం పట్టుకుని శబ్దం ఎంతసేపట్లో చచ్చిపోతుందో కొలిచాడు. గదులు శబ్దాన్ని ఎంత మింగుతాయో కొలవడానికి ఆయన పెట్టుకున్న కొలత తెరిచిన కిటికీ. కిటికీలోంచి పోయిన శబ్దం తిరిగి రాదు కదా. "అయితే మా తాతగారు ఇంటి మధ్యలో పెద్ద కిటికీ పెట్టి వెళ్ళారన్నమాట" అని మావయ్య పైకి చూశారు.

ఏనుగు పోయింది గానీ చప్పట్లు కొడితే టపటపమని ఒక గొలుసు మిగిలింది. ఎర్ర గచ్చూ, ఎదురెదురు సున్నపు గోడలూ శబ్దాన్ని ఒకదానికొకటి అప్పగించుకుంటున్నాయి. పల్చటి తివాచీ దీనికి చాలదు, కీచు స్వరాల్ని మాత్రమే మింగి వీణని మొద్దు చేస్తుంది. మందం కావాలి. "పీచు" అన్నాడు మైకుసెట్టు ఆయన. కోనసీమ పక్కనే ఉండగా నురగ షీట్ల కోసం బొంబాయి దాకా దేనికి?

మర్నాడు నేనూ మావయ్యా బయల్దేరాం. ద్రాక్షారామంలో ఆగకుండా ఎలా? భీమేశ్వరుడి గుడి గర్భగుడి రెండంతస్తులు, లింగం పై భాగం చూడాలంటే మెట్లెక్కాలి. ఆ వేళకి నాదస్వరం సాగుతోంది. రాతి మండపం శబ్దాన్ని ఏమాత్రం మింగదు, సాగదీస్తుంది. నాదస్వరం ఆ సాగుని తట్టుకుంటుంది. అసలు ఆరుబయటికీ రాతి ప్రాకారాలకీ పుట్టిన వాద్యమది. అదే చోట వీణ పెడితే ఒక గమకం ఇంకో గమకం మీద పడి చెడిపోతుంది. వీణ ఇంటి వాద్యం. ద్రాక్షారామం ఇళ్ళ వసారాలు దాటుకుంటూ పోతుంటే మావయ్య, "శంకరశాస్త్రిగారు ఇలాంటి ఇంట్లోనే సాధన చేసుంటారు. ఆయన చెవి మన రాళ్ళ మధ్య కాదు, పెంకుల కింద తయారైంది" అన్నారు. ఇది రుజువయ్యే మాట కాదు, నాకు నచ్చిన మాట.

కోటిపల్లి రేవులో పంటు ఎక్కాం. కారు, నాలుగు మోటారు సైకిళ్ళు, ఒక పాల క్యాన్ల బండి. డీజిలు ఇంజను మోత మధ్య గౌతమి దాటి ముక్తేశ్వరం చేరాం. అక్కణ్ణుంచి అంబాజీపేట వైపు దారంతా కొబ్బరి తోటలే. పీచు ఆరబోసిన ఒక షెడ్డు దగ్గర ఆపి, నాలుగంగుళాల మందం పలకలు కావాలన్నాను.

"పరుపుకాండి?"

"గోడకండి."

ఆయన మావయ్య కేసి జాలిగా చూసి, పలకలు పైన కట్టించాడు.

మేం తిరిగొచ్చేసరికి మైకుసెట్టు ఆయన పెరట్లో గొయ్యి తవ్వి బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ కట్టేశాడు. ఆ ఇంట్లో మూడు కన్నాల ప్లగ్గులున్నాయి గానీ మూడో కన్నానికి వైరు లేదు. ఇది చిన్న విషయం కాదు. రికార్డు చెక్కేటప్పుడు కింది స్వరాల్ని తగ్గించి చెక్కుతారు, లేకపోతే గాడి పక్క గాడిలోకి పోతుంది. వాయించేటప్పుడు ఆ తగ్గించినదాన్ని తిరిగి పెంచాలి. పెంచేటప్పుడు యంత్రానికి వీణ 62కీ, కరెంటు 50కీ తేడా తెలీదు, రెండింటినీ పెంచుతుంది. అంతకు ముందు రోజు వినబడిన గుయ్‌ శబ్దం అదే. తడి నేల కాబట్టి ఎర్త్ బ్రహ్మాండంగా పట్టింది. టర్న్‌టేబుల్ నుంచి సన్న ఆకుపచ్చ వైరు ఆంప్లిఫయరు వెనక స్క్రూకి బిగించగానే గుయ్‌ పోయింది. ఇన్వర్టరు మీద మాత్రం ఇంకా బుర్రుమంటుంది, అది చతురస్రపు అలలిచ్చే చవక రకం. కరెంటు పోతే పాట ఆపడమే మేలని తీర్మానించాం.

టర్న్‌టేబుల్‌ని గోడ గూట్లో పెట్టాం. మూరన్నర మందం ఇటుక గోడ, ఉయ్యాల బల్ల ఊగినా, మనవలు గెంతినా ముల్లు చలించదు. నాకు తెలిసి ఇంతకన్నా మంచి స్టాండు ఏ కంపెనీ అమ్మడం లేదు. కొత్త ముల్లు రెండు గ్రాముల బరువుతో నడుస్తుంది, రికార్డులకి ఇక ఆయుర్దాయం. పీచు పలకలకి అత్తయ్య పాత జరీ చీర తొడిగి గోడలకి ఆనించింది. బాక్సుల వెనక మూలల్లో ధాన్యం బస్తాలు పేర్చాం, మిల్లు లారీ వచ్చేదాకా అనే షరతు మీద. లారీ మేం అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. బస్తాలు పోగానే కింది స్వరం కాస్త బరువెక్కింది. అటక మీది బూరుగుదూది పరుపులు చుట్టి అక్కడ నిలబెట్టాం. సాబిన్ మెత్తల కన్నా ఇవే లావు.

రాత్రి పది దాటాక, గుడి మైకు ఆగాక, చిట్టిబాబు రికార్డు పెట్టాం. సారణి మీద వేలు జారే రాపిడి, మెట్టు మీద తీగని పక్కకి లాగినప్పుడు స్వరం ఎక్కే తోవ, ఆ వెనక తాళం తీగల చిన్న చప్పుడు, దేనికది విడిగా వినబడ్డాయి. అనుమంద్రం మీటి వదిలేస్తే ఎంతసేపు ఉండాలో అంతసేపే ఉంది. మావయ్య రికార్డు అయ్యేదాకా ఏమీ అనలేదు. అయ్యాక లేచెళ్ళి ట్రెబుల్ గుండీ కుడికి తిప్పారు.

ఆడియో పిచ్చివాళ్ళు ఇక్కడ కెవ్వుమంటారు. గుండీలు ముట్టుకోకూడదు, రికార్డులో ఉన్నది ఉన్నట్టే వినాలి అనేది వాళ్ళ మతం. గుండీలు లేని ఆంప్లిఫయరే మంచిదని నాకు అమ్మబోయిన వాళ్ళూ ఉన్నారు. డెబ్బై దాటిన చెవికి పై స్వరాలు తగ్గిపోతాయి, అది వయసు. ఆ తగ్గిందాన్ని గుండీ కాస్త తిరిగిస్తే ఎవరికి నష్టం? పెద్దవాళ్ళ కోసం కొనేవాళ్ళు ముందు ఆ గుండీ ఉందో లేదో చూడాలి. ఆయన తిప్పాక నాకు కాస్త గరుకుగా వినబడింది. కానీ ఇల్లు ఆయనది.

నేను సామాను సర్దుకుంటుంటే మైకుసెట్టు ఆయన వచ్చాడు. రాత్రి గోడ పక్క నిలబడి విన్నాడట. తన డీజే బాక్సులు రెండు వేల వాట్లవనీ, వాటిల్లో వేలు జారే చప్పుడు ఎన్నడూ వినలేదనీ అన్నాడు. బాక్సుల ధర అడిగాడు. చెప్పాను. వేళ్ళ మీద లెక్కేశాడు.

"మాఘమాసంలో నాలుగు పెళ్ళిళ్ళున్నాయండి. రెండింటి అద్దె ఆపేస్తే వచ్చేస్తాయి. ఆయ్, మరి మా ఇంట్లో మండువా లేదు కదండీ, డాబా. పీచు ఎక్కువ పడుద్దాండి?"

గది పొడవూ వెడల్పూ కొలిచి ఫోన్ చెయ్యమన్నాను. చదరం మాత్రం కాకూడదని మావయ్య లోపల్నుంచి అరిచారు.