అద్దాల తొట్టి కింద పెరడు

పల్నాడుకు సముద్రం లేదు. ఇక్కడి రాళ్లకు మాత్రం సముద్రం తెలుసు. పిడుగురాళ్ల బట్టీల్లో కాలే సున్నపురాయి కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్నదే. అలాంటి నేలమీద, నరసరావుపేటలో ఏ ఇంటి హాల్లోనో ఓ క్లౌన్ చేపల జంటను పెంచాలని ముచ్చటపడితే ఉప్పునీటి అక్వేరియం కట్టాల్సిందే. వచ్చినవాళ్ల కళ్లన్నీ పై తొట్టిమీదే ఉంటాయి. చేపల ప్రాణం మాత్రం కింద, స్టాండు తలుపుల వెనకున్న సంపులో ఉంటుంది.

సంపు అనగానే ఇంటిముందు కుళాయి నీళ్లు పట్టుకునే తొట్టి గుర్తొస్తుంది. ఇది వేరు. అద్దాలు అడ్డంపెట్టి మూడు గదులు చేసిన చిన్న తొట్టి. పైనుంచి పొర్లిన నీరు గొట్టంలోంచి మొదటి గదికి దిగుతుంది. అక్కడ బట్టసంచీ చెత్తను ఆపితే, స్కిమ్మర్ మురికిని నురగలా లాగేస్తుంది. రెండోది రెఫ్యూజియం, అంటే శరణాలయం. ఇంటికి పెరడెలాగో తొట్టికి ఇది అలాగ. చిక్కుపడిన నైలాన్ దారంలాంటి కీటోమార్ఫా నాచును ఇందులో పెంచుతారు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే నైట్రేట్, ఫాస్ఫేట్లే దానికి ఎరువు. పెరిగిన నాచును గుప్పెడు తీసేస్తే ఆ వ్యర్థాలూ దాంతోపాటే బయటికి పోతాయి. కంటికి ఆనీ ఆనని కోపీపాడ్లు చేపలకు చిక్కకుండా అక్కడే పెరిగి, కొన్ని నీటితోపాటు పైకెళ్లి వాటికే మేతవుతాయి. పైన లైటు ఆర్పాక ఇక్కడ వెలిగిస్తే, రాత్రిళ్లు నీటి పీహెచ్ మరీ పడిపోదు. మూడో గదిలోని మోటారు తేరిన నీటిని పైకి తోస్తుంది.

బ్యాక్టీరియా కాపురానికి సిరామిక్ ముక్కలు చాలు. పగడాలకు 1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టం అండగా ఉంది కాబట్టి వాటి జోలికి పోకూడదు.

ఇక్కడ అసలు పరీక్షలు మూడు. మొదటిది నీళ్లు. బోరు నీళ్లు పనికిరావు. ఆర్వో నీటిలో లీటరుకు 35 గ్రాముల లెక్కన అక్వేరియం ఉప్పు కలపాలి, వంట ఉప్పు కాదు. రెండోది ఎండ. రెంటచింతల ఎండలు తెలిసినవే, నీరు మాత్రం 25-27 డిగ్రీల మధ్యే ఉండాలి. సంపుమీద ఫ్యాను తిప్పితే కొంత చల్లబడుతుంది, నడివేసవిలో చిల్లరో ఏసీయో తప్పదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుకే తరిగినంతా ఉప్పు కలపని ఆర్వో నీటితోనే నింపాలి.

మూడోది కరెంటు. అది పోతే మోటారు ఆగి, పై నీరు కిందికి దిగుతుంది. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పున్న తొట్టిలో మట్టం మూడు సెంటీమీటర్లు తగ్గితే 16 లీటర్లు! సంపులో అంతకుమించి ఖాళీ లేకపోతే ఉప్పునీరంతా గచ్చుమీదే. అందుకే చేపలు కొనకముందే స్విచ్చి ఆపి చూడాలి. గచ్చు తడవకపోతే, బ్యాక్టీరియా కుదురుకునేదాకా ఓ నెలన్నర ఆగాలి. ఆ తర్వాతే చేప. నీరు పాడైందని అది మరోచోటికి ఈదిపోలేదు కదా!