ఒక పైపు కాక, ఒక పైపు సల్ల

కోలారు జిల్లా చలిని బయటివాళ్ళు నమ్మరు. ముళబాగిలు దగ్గర తెల్లవారుజామున హైవే ఎక్కి చూడండి, డిసెంబరులో, జనవరిలో ముందర పోయే లారీ కూడా మంచులో కనబడదు. నాయనకు డయాలిసిస్ మొదలయినప్పటి నుంచి వారానికి మూడు రోజులు ఆ టైముకే కోలారుకు పోవాల. వచ్చేటప్పుడు ఎండ ఉన్నా ఆయనకు ఒళ్ళు వణుకుతుంది. కాబట్టి మా కారులో హీటర్ అనేది షోకుకు పెట్టుకున్నది కాదు. పోయిన చలికాలం అది చల్లగాలి మాత్రమే ఊదడం మొదలుపెట్టింది.

గ్యారేజీలో మూత కూడా తీయకుండానే చెప్పేశారు: డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి హీటర్ కోర్ మార్చాల, రెండు మూడు రోజులు బండి వదలాల అని. ఆ రెండు మూడు రోజుల్లో నాయనకు ఒక డయాలిసిస్ రోజు వస్తుంది. నేను చిన్నాయనకు ఫోన్ చేసినాను. ఆయన కేజీఎఫ్ గనిలో ఫిట్టరు, 2001లో గనులు మూసేదాకా అక్కడే. "మార్చేది ఆమేలె చూద్దాం రా. ముందు వేడి ఎంతదాకా వస్తా ఉందో, ఎక్కడ ఆగిపోతా ఉందో చూడు" అన్నాడు. మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అని నాకు జీతమిచ్చేది కూడా ఈ పనికే.

కారు హీటర్‌లో నిప్పు గానీ కాయిల్ గానీ ఉండదు. ఇంజను చుట్టూ తిరిగి కాగిన కూలెంటునే ఒక సన్న పైపు డ్యాష్‌బోర్డు వెనకకు తెస్తుంది. అక్కడ చిన్న రేడియేటర్ లాంటిది ఉంటుంది, దాన్నే హీటర్ కోర్ అంటారు. దాని మీదుగా ఫ్యాను గాలిని తోస్తే మనకు వెచ్చగా తగులుతుంది. చల్లబడిన కూలెంటు ఇంకో పైపులో వెనక్కి పోతుంది. అంతే సంగతి.

కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు నాలుగే. కూలెంటు సరిపడా ఉందా? ఇంజను సరిగ్గా కాగుతా ఉందా? కాగిన నీళ్ళు కోర్‌లోకి పోయి వస్తా ఉన్నాయా? అన్నీ బాగుంటే, లోపలి తలుపు గాలిని కోర్ వైపు తిప్పుతా ఉందా?

పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూసినాను. (కాగిన ఇంజను మీద రేడియేటర్ మూత ఎవరూ తీయొద్దండి, ఆవిరి మొహం మీదికి కొడుతుంది.) మట్టం సరిగ్గానే ఉంది, రంగే మడ్డి నీళ్ళ మాదిరి ఉంది. ఇది ముఖ్యమైన పరీక్ష. కూలెంటు తగ్గిపోయి హీటర్ చల్లబడి ఉంటే, చలి సంగతి దేవుడెరుగు, నడిదారిలో ఇంజనే పోతుంది. ఆమేలె బండి స్టార్ట్ చేసినాను. పది నిమిషాల్లో ముల్లు మధ్యకు వచ్చింది. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుని ఉంటే ముల్లు కిందనే ఉండిపోయేది. అదీ కాదు.

తరువాత చిన్నాయన చెప్పినట్టు, ఫ్యానుకూ బెల్టుకూ చెయ్యి దూరంగా పెట్టి, కోర్‌కు పోయే రెండు పైపులు ముట్టి చూసినాను. ఒకటి చెయ్యి పెట్టలేనంత కాక. రెండోది సల్ల. రెండూ కాకగా ఉంటే తప్పు లోపలి తలుపుది. రెండూ సల్లగా ఉంటే కూలెంటు అక్కడిదాకా రావడమే లేదని, గాలి పట్టిందేమో చూడాలని. ఒకటి కాక, ఒకటి సల్ల అంటే వాల్వు మూసుకునైనా ఉండాల, కోరైనా కట్టుకుని ఉండాల. వాల్వు తీగ లాగితే బాగానే తిరిగింది.

మన జిల్లాలో వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఎన్నో ఉన్నాయి. ఆ నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా సున్నం కడుతుంది కదా. మేము సెకండ్ హ్యాండులో కొనకముందు ఎవరో ఈ బండికి అవే నీళ్ళు పోసినట్టున్నారు. ఆదివారం చిన్నాయన వచ్చినాడు. రెండు పైపులూ ఊడదీసి, తోటకు పట్టే గొట్టంతో, ఒత్తిడి తక్కువ పెట్టి, వెనక దారి నుంచి కోర్‌లోకి నీళ్ళు వదిలినాము. మొదట తుప్పు రంగు, ఆమేలె తెల్ల పెచ్చులు. తేటనీళ్ళు వచ్చేదాకా అటూ ఇటూ మార్చి వదిలినాము. పాత కూలెంటంతా పారబోసి, కొత్త కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోసినాము. మూతి పైకి ఉండేటట్టు బండిని ఏటవాలుగా నిలబెట్టి, హీటర్ ఫుల్లు తిప్పి, బుడగలు ఆగేదాకా నడిపించినాము. కొత్త బండి అంత కాదు గానీ గాలి బాగానే వెచ్చబడింది. మంగళవారం బండి మాతోనే ఉంది.

ఈ పరీక్షలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. చదివింది కన్నడ మీడియం కాబట్టి చెయ్యి కన్నడ అక్షరాల్లోనే పోతుంది, మాట మాత్రం మన తెలుగే: "ఒక పైపు కాక, ఒక పైపు సల్ల." బెంగళూరులో పుట్టిన మన పిల్లలు 'హాట్, కోల్డ్' అంటారు. బడిలో నేను 'బిసి, తణ్ణగె' అన్నాను. 'కాక' అనే మాట ఇంట్లో చిన్నాయన తరంతో ఆగిపోతుందేమో అనిపించి, ఇక్కడ తెలుగు అక్షరాల్లో మళ్ళీ రాస్తున్నాను. కార్లున్న మనవాళ్ళు దసరా పూజకు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టే రోజునే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, కూలెంటు రంగు కూడా ఒకసారి చూసుకోండి. బోరు నీళ్ళు మాత్రం పోయకండి.